నడిమివేలి ఉపద్రవం

మనిషికి ఇరవై వేళ్ళుంటాయన్న సంగతి సర్వాంగ సంరక్షణ పథకం వారికి పథకం పుట్టిన నాలుగో ఏట గాని తెలియలేదు. తెలిశాక మాత్రం ఒక్క పూట కూడా ఊరుకోలేదు. ఆడిట్ వారెవరో ఒక ఫైలు తిరగేసి, "వేలికి శస్త్రచికిత్స అని కలదు, ఏ వేలికో లేదు" అని పచ్చసిరాతో రాశారు. పచ్చసిరా పడితే కొండలైనా కదలాల్సిందే. ఇక నుంచి చేతివేలికి గాని కాలివేలికి గాని ఆపరేషన్ చేయాలంటే, ఆ వేలు ఎన్నోదో తెలిపే అంకె ఒకటి దరఖాస్తు చివర తగిలించాలని, లేకపోతే అనుమతి లేదని ఉత్తర్వు దిగింది. ఆ అంకెకు సర్కారు పెట్టిన పేరు 'అంగుళి నిర్దేశక అనుబంధ సంకేతము'. కంప్యూటర్‌లో మాడిఫయర్ అని కనిపిస్తుంది. తుమ్మలకోట కరుణాలయ ఆసుపత్రిలో మాత్రం అందరూ దాన్ని తోక అనేవారు.

ఆ తోకలు తగిలించే ఉద్యోగం సత్యవేణిది. జబ్బులకూ ఆపరేషన్లకూ సంకేతాలు రాసే కోడింగ్ టేబుల్ దగ్గర ఏడేళ్ళుగా కూర్చుంటోంది. ఆమె పంపిన ఫైలు తిరిగొచ్చిందంటే ఆసుపత్రిలో వింతగా చెప్పుకునేవారు. కొత్త ఉత్తర్వు చూసి ఆమె సంతోషించింది కూడా. ఏ వేలో రాయడం మంచిదేగా, ఒక వేలికి దెబ్బ తగిలితే పక్క వేలు కోస్తే దిక్కెవరు అనుకుంది. పాపం, మంచివాళ్ళు ఉత్తర్వులను మొదట్లో అలాగే నమ్ముతారు.

ఆ నమ్మకం చెడింది దస్తగిరి వేలితో. దస్తగిరి ఆ ఊళ్ళో పేరున్న లేడీస్ టైలరు. తుమ్మలకోటలో ఏ పెళ్ళి జరిగినా సగం జాకెట్లు అతని చేతి మీదుగా రావాల్సిందే. ఒకరోజు మోటారు మిషను సూది అతని కుడి చూపుడు వేలిలో దిగబడింది. కంగారులో చెయ్యి లాక్కునేసరికి వేలిని వంచే లోపలి నరం తెగింది. డాక్టర్ ఇమ్మానుయేలు చెయ్యి పట్టుకు చూసి పెదవి విరిచాడు.

"మూడు వారాల్లోపు ఆ నరం కుట్టాల దస్తగిరీ. దాటిందా, రెండు కొసలూ చెరో వైపుకి ముడుచుకుపోతయ్. వేలు కర్ర మాదిరి నిలబడిపోద్ది. ఇంక వంగదు."

"వేలు వంగకపోతే కత్తెర ఎట్టా పట్టుకునేది సార్?"

డాక్టర్ సత్యవేణి వైపు చూశాడు. ఆమె అప్పటికే కీబోర్డు మీద చెయ్యి వేసింది. కంప్యూటర్ లెక్కలో బొటనవేలు ఒకటి, చూపుడు వేలు రెండు. 'కుడిచేయి రెండు' అని తోక తగిలించి పంపింది.

మూడో రోజున ఫైలు తిరిగొచ్చింది. "సంకేతము ఉంగరపు వేలిని సూచించుచున్నది. ఎక్స్‌రే చూపుడు వేలిది. వ్యత్యాసమునకు సంజాయిషీ ఇవ్వవలెను."

సత్యవేణికి తల తిరిగింది. రాజధానిలోని అంగుళి సంకేత విభాగానికి ఫోన్ చేస్తే, అవతలి గుమాస్తా ఎంతో దయగా ఒక సర్క్యులర్ చదివి వినిపించాడు. రాసినవారు విభాగాధిపతి త్రివిక్రమరావు గారు. "మన పూర్వులు చిటికెన వేలి నుండియే లెక్కించిరి. పాలవాని లెక్క, చాకలి పద్దు, ముహూర్తపు గణన యావత్తూ చిటికెన వేలితోనే ఆరంభము. బొటనవేలి నుండి లెక్కించుట మన జాతికి అలవాటు కాదు. కావున విభాగమునందలి సిబ్బంది యావన్మందీ చిటికెన వేలిని ఒకటిగా పరిగణించవలసినదిగా ఆదేశించడమైనది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తుమ్మలకోటలో ఎవరినైనా పది లెక్కపెట్టమనండి, బొటనవేలు తిన్నగా వెళ్ళి చిటికెన వేలి మీదే ఆనుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ సంగతి కంప్యూటర్‌కు ఎవరూ చెప్పకపోవడమే.

సరే, చిటికెన వేలి నుంచే పోదామని సత్యవేణి ఈసారి 'కుడిచేయి నాలుగు' అని పంపింది. అది రాజధాని మనుషుల దాకా వెళ్ళనే లేదు. కంప్యూటరే మధ్యలో పట్టుకుని, బొటనవేలి నుంచి నాలుగు లెక్కపెట్టి, "నాలుగు అనగా ఉంగరపు వేలు. ఎక్స్‌రే చూపుడు వేలిది" అని కన్నుమూసి తెరిచేలోగా తిప్పి కొట్టింది. ఈ లోపల ఆరు రోజులు గడిచిపోయాయి.

దస్తగిరి బల్ల ముందు నిలబడి, కట్టు కట్టిన వేలిని ఎడమచేత్తో పసిబిడ్డలా పట్టుకుని అడిగాడు. "నాకు తెలీక అడుగుతా సత్యమ్మా. మిషనుకి చూపిస్తే ఉంగరపు వేలంటది. మనుషులకి చూపిస్తే వాళ్ళూ ఉంగరపు వేలంటారు. ఈ వేలుకి ఉంగరం పెట్టిన పాపాన పోలేదు గదమ్మా నేను!"

ఊళ్ళో మిగతా ఆసుపత్రుల వాళ్ళు ఈ చిక్కుకు విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. చేతికి ఐదు వేళ్ళు. అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా మూడోది మధ్యవేలే. కంప్యూటర్‌కూ త్రివిక్రమరావు గారికీ పేచీ లేని వేలు ఈ లోకంలో అదొక్కటే. కనుక రోకలి పడి బొటనవేలు నలిగినా మధ్యవేలే, తలుపు సందులో చిటికెన వేలు చితికినా మధ్యవేలే. కాలివేళ్ళకూ అదే వైద్యం. ఒకామెకు మెట్టెవేలు వాచిపోతే, మెట్టెను కూడా పక్క వేలికి మార్చి ఎక్స్‌రే తీయించారు. అనుమతులు వానలా కురిశాయి.

సత్యవేణి ఈ ఆరు రోజులూ ఆ పనికి ఒప్పుకోలేదు. ఇప్పుడు దస్తగిరి ముఖం చూసి, అతని మధ్యవేలికి ఎక్స్‌రే తీయించి, కళ్ళు మూసుకుని, 'కుడిచేయి మూడు' అని కొట్టింది. ఏడేళ్ళ ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అదే. చేతిలో టీ చల్లారకముందే అనుమతి వచ్చింది. ఆరు రోజులు తిప్పలు పెట్టిన నిజం కంటే, ఆరు నిమిషాల్లో పాసైన అబద్ధం చూసే ఆమెకు ఎక్కువ కడుపు మండింది.

మర్నాడే ఆ అనుమతి ఆగిపోయింది.

ఏం జరిగిందంటే, విభాగంలోని గణాంక శాఖ లెక్కలు వేసి చూసుకుంది. పథకం కిందకు వచ్చిన దెబ్బతిన్న వేళ్ళలో నూటికి తొంభై ఆరు మధ్యవేళ్ళని తేలింది. విభాగం గజగజ వణికింది. అత్యవసర సమావేశం జరిగింది. మధ్యవేలు అన్నిటికంటే పొడుగు గనుక ఆపద దానికే ముందు ఎదురవుతుందని ఒక నిపుణుడు, కాదు నీళ్ళలో దోషమని ఇంకొకరు సెలవిచ్చారు. చివరికి త్రివిక్రమరావు గారు లేచి, "ప్రజానీకపు మధ్యాంగుళులపై ఏదో అజ్ఞాత ఉపద్రవము విరుచుకుపడినది. మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు" అన్నారు. మధ్యాంగుళి పరిరక్షణ పక్షోత్సవాలు ప్రకటించారు. ప్రతి మధ్యవేలినీ తాను స్వయంగా కళ్ళారా చూసే వరకు అనుమతులన్నీ నిలుపుదల చేశారు. తనిఖీ తుమ్మలకోట నుంచే మొదలన్నారు.

తనిఖీ రోజు వచ్చేసరికి దస్తగిరి వేలికి పదిహేడో రోజు.

మునిసిపల్ ఆఫీసు మైదానంలో పన్నెండు అడుగుల మధ్యవేలు కటౌటు నిలబెట్టి దండ వేశారు. బడిపిల్లలను, డ్వాక్రా మహిళలను, జూనియర్ కాలేజీ విద్యార్థులను బారులు తీర్చారు. త్రివిక్రమరావు గారు వేదిక మీద నుంచి ప్రతిజ్ఞ చేయించారు. "అందరూ కుడిచేయి ఎత్తవలెను. నాలుగు వేళ్ళు ముడవవలెను. మధ్యాంగుళిని మాత్రము నిటారుగా నిలుపవలెను. నా వైపు చూపవలెను. చెప్పండి: నా మధ్యాంగుళిని ప్రాణసమానముగా కాపాడుకొందును!" కాలేజీ కుర్రాళ్ళు ఎవరూ ఊహించనంత ఉత్సాహం చూపారు. రెండు చేతులూ ఎత్తారు. ఇంకోసారి, ఇంకోసారి అని కేకలు వేశారు. అధికారి గారికి కళ్ళు చెమర్చాయి. "యువతరములో ఇంతటి చైతన్యము నా సర్వీసులో చూడలేదు" అని, ఆ ఫోటో పెద్దది చేయించి రాజధానికి పంపమన్నారు.

తర్వాత పక్కనే షామియానాలో తనిఖీ మొదలైంది. రోగులంతా వరుసలో నిలబడ్డారు. మొదటివాడు రామకోటి అనే హమాలీ. లారీ తలుపులో పడి బొటనవేలు నుజ్జయింది.

"మధ్యవేలు చూపుము."

రామకోటి చూపాడు.

"ముడువుము. తెరువుము. భేష్. వేలు సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నది. పక్షోత్సవముల ఫలితముగా నయమైనట్లు రాసుకోండి."

"అయ్యా, నలిగింది బొటనవేలండీ! నిద్దర పట్టట్లేదండీ నొప్పికి!"

"దానికి మీరు అనుమతి కోరలేదు గదా. తరువాత!"

మధ్యాహ్నానికి అరవై నాలుగు మంది నయమైపోయారు. నయమైన వాళ్ళు నొప్పితో మూలుగుతూ షామియానా బయట కూలబడుతున్నారు. లోపల ఉపద్రవం తగ్గుముఖం పట్టిందని మైకులో చెబుతున్నారు. దస్తగిరికి ముందు ఇంక ఏడుగురే ఉన్నారు. అతని మధ్యవేలు నిక్షేపంగా ఉంది. ఇప్పుడు నయమైపోయిందని రాస్తే ఫైలు మూసేస్తారు. మళ్ళీ తెరిపించేలోగా మూడు వారాలు దాటిపోతాయి.

సత్యవేణి వరుస పక్కన నిలబడి తన కుడిచేతినే తదేకంగా చూసుకుంటోంది. చిటికెన వేలు ముడిచింది. ఉంగరపు వేలూ ముడిచింది. మిగిలినవి మూడు. మధ్యవేలు, చూపుడు వేలు, బొటనవేలు. మూడింటి నడుమ ఉన్నదేది? ఆమె చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దస్తగిరి అన్నా, ఇటు రా. తొందరగా!"

షామియానా వెనక్కు లాక్కెళ్ళి, సంచిలోంచి బ్యాండేజీ తీసి, అతని చిటికెన వేలూ ఉంగరపు వేలూ అరచేతిలోకి మడిచి, పైన ఉండచుట్టినట్టు కట్టేసింది. కొలతలు తీసేటప్పుడు కదలకూడదని ఊరందరికీ చెప్పే దస్తగిరి ఇప్పుడు తను కదలకుండా నిలబడ్డాడు.

"ఎన్ని వేళ్ళు?" దస్తగిరి వంతు రాగానే అడిగారు త్రివిక్రమరావు గారు.

"కనపడేయి మూడు సార్."

"కనపడనివి రికార్డులోకి రావు. మొత్తము వేళ్ళు మూడు. రాసుకోండి." చిటికెన వేలి వైపు నుంచి ఆయన లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. రెండోది నడిమిది. పక్కన కంప్యూటర్ గుమాస్తా బొటనవేలి వైపు నుంచి లెక్కపెట్టాడు. రెండోది నడిమిది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి చూపూ దస్తగిరి చూపుడు వేలి మీద కలిసింది.

"ముడువుము."

"వంగదు సార్. అందుకే గదా వచ్చింది."

"నిజమైన నడిమివేలి బాధితుడు!" అధికారి గారు కుర్చీలోంచి సగం లేచారు. "ఉదయము నుండి చూచుచున్నాను, ఒక్కడు కనబడలేదు. ఉభయ లెక్కలూ సరిపోయినవి. తక్షణమే శస్త్రచికిత్స చేయవలెను!"

'మొత్తము వేళ్ళు: 3' అన్న గడి మీద గుమాస్తా ముద్ర గుద్దుతుంటే సత్యవేణి ఆ అంకె వైపు మరోసారి చూసింది. కానీ అప్పుడు ఆలోచించే తీరిక లేదు. బయట మూలుగుతున్న వాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. ఉంగరపు వేలు విరిగినవాడికి బొటనవేలూ చూపుడు వేలూ కట్టేస్తే ఉంగరపు వేలు నడిమిదైంది. బొటనవేలి వాళ్ళకు మిగతా నాలుగూ కట్టేసింది, ఉన్నది ఒక్కటే అయితే ఎవరు లెక్కపెట్టినా అదే. బ్యాండేజీ అయిపోయింది. దస్తగిరి తన భుజం మీది తువ్వాలును పళ్ళతో చించి పీలికలు అందించాడు. రామకోటి మళ్ళీ వరుసలోకి వెళ్ళి ఒంటివేలి మనిషిగా తిరిగొచ్చాడు. సాయంత్రం అయిదయ్యేసరికి తుమ్మలకోటలో రెండు వందల పన్నెండు మందికి అనుమతులు వచ్చాయి.

పంతొమ్మిదో రోజున డాక్టర్ ఇమ్మానుయేలు దస్తగిరి నరం కుట్టాడు. రెండు నెలలకు వేలు మెల్లగా వంగింది. మొదటిసారి సూదిలో దారం ఎక్కించిన రోజు దస్తగిరి నేరుగా ఆసుపత్రికి వచ్చి, ఆ సూదిని సత్యవేణి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు, అంత సంతోషం కలిగింది.

ఆ సంతోషం మీద నోటీసు వచ్చి పడింది. రేషను షాపు మిషనులో దస్తగిరి కుడిచేతి ఐదు వేళ్ళ ముద్రలూ పడ్డాయట. పథకం రికార్డులో ఉన్నవి మూడు. "కావున తమరి వద్ద రెండు వేళ్ళు అనధికారికముగా ఉన్నట్లు విభాగము దృష్టికి వచ్చినది. క్రమబద్ధీకరణ జరుగు వరకు సదరు వేళ్ళకు సీలు వేయబడును." అలాంటివి మొత్తం రెండు వందల పన్నెండు నోటీసులు. అనుమతి లేని మేడలకు సీలు వేసినట్టే వేళ్ళకూ వేయడానికి ప్రత్యేకాధికారిని నియమించారు. ఆ అధికారి త్రివిక్రమరావు గారే. ఆయన కుటుంబంతో సహా తుమ్మలకోటకు మకాం మార్చారు.

సంగతి తెలిసి సత్యవేణి పరుగున దర్జీ షాపుకు వచ్చేసరికి, ఆయన లక్క కరిగిస్తున్నారు. నోటీసుల కట్ట కత్తిరింపు బల్ల మీద ఉంది. దస్తగిరి చెయ్యి బల్ల మీద చాపి ఉంది. బెంచీ మీద ఒక పెద్దావిడ పట్టుచీరల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సార్, ఆ రెండు వేళ్ళు కట్టింది నేనండీ. తప్పుంటే నాది" అంది సత్యవేణి.

"తప్పొప్పులు తరువాత. ముందు ఏ రెండో తేలవలెను." గుమాస్తా లెక్క ప్రకారం బొటనవేలి నుంచి మూడు సక్రమం, ఉంగరపు వేలూ చిటికెన వేలూ అదనం. సర్క్యులర్ ప్రకారం చిటికెన వేలి నుంచి మూడు సక్రమం, చూపుడు వేలూ బొటనవేలూ అదనం. త్రివిక్రమరావు గారు కాసేపు యోచించి తీర్పు చెప్పారు. "నిర్వివాదమైనది మధ్యవేలొక్కటే. మిగతా నాలుగింటికీ సీలు వేయండి."

"ఆగండాగండి!" బెంచీ మీది పెద్దావిడ లేచింది. ఆమె అనసూయమ్మ, త్రివిక్రమరావు గారి భార్య. "నాలుగు వేళ్ళకీ లక్క పూస్తే నా ఆరు జాకెట్లూ ఎవరు కుడతారండీ, మీరా? ఆదివారం పిల్ల నిశ్చితార్థం పెట్టుకుని!"

"అనసూయా, ఇది శాఖాపరమైన విషయము."

"మీ శాఖ సంగతి మీ వియ్యపురాలికి చెప్పండి, ఆవిడ ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను." ఆవిడ చరాలున వచ్చి దస్తగిరి చెయ్యి దగ్గర వంగి, చిటికెన వేలి నుంచి పైకే లెక్కపెట్టింది. ఐదు. మళ్ళీ బొటనవేలి నుంచి లెక్కపెట్టింది. ఐదు. "ఎటునుంచి లెక్కపెట్టినా ఐదే కదండీ! ఈమాత్రం దానికి లక్కెందుకు?"

త్రివిక్రమరావు గారు ఆ చేతిని చాలాసేపు చూశారు. ఇంతకాలంగా వేళ్ళతోనే ఉద్యోగం చేస్తున్నా, ఒక చేతిని ఇటునుంచీ అటునుంచీ చివరిదాకా లెక్కపెట్టాలని ఆయనకెప్పుడూ తోచలేదు. లక్క పక్కన పెట్టి, కలం తీసి నోటీసు వెనక రాశారు. "సదరు హస్తమును ఇరువైపుల నుండి లెక్కించడమైనది. ఇరువైపులా ఐదే వచ్చినవి. అదనపు వేళ్ళు లేవు." సంతకం చేసి గొంతు సవరించుకున్నారు.

"శుక్రవారానికి ఇచ్చేస్తావా?"

దస్తగిరి కత్తెర ముట్టుకోలేదు. "ఇంకా రెండొందల పదకొండు నోటీసులు ఉన్నయ్ గద సార్ అక్కడ. వాళ్ళయ్యీ ఇట్టాగే లెక్కబెట్టి రాస్తే శుక్రవారం ఖాయం. లేదంటారా, నా దగ్గిర గూడా ఓ పద్ధతి ఉంది. వచ్చే నెల ఓసారి కనపడండి, చూద్దాం."

"పద్ధతి ప్రకారము ఒక్కొక్క ఫైలు..." అని మొదలుపెట్టారు త్రివిక్రమరావు గారు. అనసూయమ్మ ఆయన వైపు చూసింది. ఆయన బెంచీ మీద కూర్చున్నారు.

సత్యవేణి నోటీసుల కట్ట విప్పి, ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టసాగింది. కబురందిన వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపుతున్నారు. అందరికంటే ముందు రామకోటి వచ్చాడు. దస్తగిరి కత్తెర పిడిలో చూపుడు వేలు దూర్చి, వంచి, పట్టుగుడ్డ మీద ఆడించాడు. కలం నడిచినంతసేపూ కత్తెర నడిచింది, కలం ఆగినప్పుడల్లా కత్తెర ఆగింది. శుక్రవారం పొద్దునకు ఆరు జాకెట్లూ, రెండు వందల పన్నెండు చేతులూ తయారయ్యాయి.